యాభై ఎనిమిది కిలోల తూకపురాయి

ఆ పార్సిల్ ఆఫీసులో ఆమెను అందరూ తూకపురాయి అని పిలిచేవారు. ముద్దుగానే పిలిచేవారు, ఆమె కూడా పలికేది. మనిషిని పట్టుకుని రాయి అంటే ఎవరు పడతారని మీరనుకోవచ్చు. ఆ పేరు వెనక ఒక కథ ఉంది. నవ్వొచ్చే కథే. నవ్వడం అయ్యాక కాసేపు ఊరుకోవాలనిపిస్తుంది, అంతే.

ఆఫీసంటే పొడుగాటి రేకుల షెడ్డు. ముందు కౌంటరు, దాని మీద పొట్లాలు తూచే చిన్న కాటా. వెనక, లారీలు వచ్చి ఆగే అరుగు పక్కన, మంచమంత ఇనుప పలకతో పెద్ద కాటా. మూటలు, చెక్కపెట్టెలు, ఎవరింటివో బీరువాలు, ముప్పై కిలోలు దాటినదేదైనా ఆ పలక ఎక్కాల్సిందే. ఆ కాటా ఆమెది. సరుకు పెట్టించి, ఎర్రంకెలు నిలకడపడేదాకా కళ్లార్పకుండా చూసి, బరువెంతో గట్టిగా చెప్పి, చివర "రాయండి" అనేది. ఆమె ఆ మాట అననిదే గుమస్తా కలం కదిలేది కాదు.

ప్రతి సోమవారం పొద్దున్నే, తలుపులు తీయకముందు, పెద్ద కాటాను పరీక్షించాలన్నది ఆఫీసు నియమం. కచ్చితమైన ఇనుప తూకపురాళ్లు పలక మీద పెట్టాలి. అంకె తేడాగా వస్తే వెనకనున్న బటన్ నొక్కి, "ఇదిగో, ఇది ఇంత బరువు" అని కాటాకు నేర్పాలి. ఎంత చూపిందో, ఎంతకు సరిచేశారో తనిఖీ రిజిస్టరులో ఎక్కించాలి. ఆమె ఉద్యోగంలో చేరిన నెలకే ఆ రాళ్లను వేరే శాఖవాళ్లు "రెండు రోజుల్లో పంపిస్తాం" అని పట్టుకెళ్లారు. ఇచ్చేవాడికి మరుపు లేకపోయినా తీసుకున్నవాడికి జ్ఞాపకం ఉండాలిగా.

సోమవారం వచ్చేసరికి సూపర్‌వైజర్ తల గోక్కున్నాడు. నెరిసిన మీసాలాయన, గండం గడిస్తే చాలనుకునే మనిషి. "అమ్మాయ్, నీ బరువెంత?" అని అడిగాడు.

"యాభై ఎనిమిది సార్. ఉద్యోగంలో చేరేటప్పుడు డాక్టరు పరీక్షలో చూశారుగా."

"సరిగ్గా యాభై ఎనిమిదా?"

"సరిగ్గా సార్. వంద గ్రాములు కూడా తేడా లేదు."

"ఇంకేం మరి! కొత్త రాళ్లు వచ్చేదాకా నువ్వే ఎక్కు."

కొత్త రాళ్లు రావడానికి పదకొండేళ్లు పట్టింది.

ఆ పదకొండేళ్లూ ప్రతి సోమవారం ఆమె చెప్పులు విడిచి పలకెక్కింది. కాటా ఎంత చూపిందో రిజిస్టరులో రాసింది. బటన్ నొక్కి యాభై ఎనిమిదికి సరిచేసింది. "యాభై ఎనిమిది, రాయండి" అని తనకు తానే చెప్పుకుని తనే సంతకం పెట్టింది. ఒక వారం కాటా యాభై ఎనిమిదీ మూడు వందలు చూపేది. "చలికి బిగుసుకుందేమో" అనుకునేది. ఇంకోవారం ఇంకో రెండు వందలు ఎక్కువ చూపేది. "దుమ్ము పట్టిందేమో" అని పలక కింద తుడిచేది. తాను మారిందేమో అని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు. తూకపురాయి ఎక్కడైనా మారుతుందా?

అంత తెలివితక్కువదా అని ఆమెను తేలిగ్గా తీసిపారేయకండి. రోజూ కళ్లముందున్నది కనపడకపోవడం మనందరికీ అలవాటే. దానికితోడు ఇంట్లో అత్తగారొకావిడ ఉంది. ఒకప్పుడు రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ తొక్కిన మనిషి, నోరు పదును, చెయ్యి మెత్తన. ఆవిడేం చేసిందన్నది తర్వాత చెబుతాను.

ఊళ్లో సరుకు పంపేవాళ్లకు మాత్రం ఆ కాటా అంటే ప్రాణం. "ఇంత ధర్మంగా తూచే కాటా ఇంకెక్కడా లేదు" అని పక్కవీధి ఆఫీసు మానేసి ఇక్కడికొచ్చేవారు. సూపర్‌వైజర్ మీసం దువ్వుకునేవాడు. "అంతా మా తూకపురాయి హస్తవాసి" అనేవాడు. ఆయన అన్నది నూటికి నూరుపాళ్లు నిజమని అప్పుడు ఆయనకీ తెలియదు.

ఇక అసలు సంగతికి వస్తాను. పెళ్లయి అయిదేళ్లయినా ఆమెకు కడుపు పండలేదు. భర్త కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పనివాడు, ఆ పనికి తగ్గ నెమ్మదస్తుడు. ఇద్దరికీ పిల్లలంటే ఇష్టం, ఆ ఇష్టాన్ని దాచుకోవడం ఇద్దరికీ చేతకాదు. రోడ్డు మీద ఎవరి బిడ్డ ఏడ్చినా ఇద్దరూ ఒకేసారి అటు తిరిగేవారు. చివరికి ఒక పెద్దాసుపత్రికి వెళ్లారు. అక్కడి నర్సు ఫైలు తెరిచి, "బరువు?" అంది.

"యాభై ఎనిమిది."

నర్సు తలెత్తి చూసింది. "అలా కనిపించరే?"

"మా ఆఫీసు కాటాకు నేనే తూకపురాయినండీ" అంది ఈమె, కాస్త గర్వంగానే. వాళ్ల తూకం యంత్రం ఆ వారం రిపేరులో ఉంది. నర్సు నవ్వేసి యాభై ఎనిమిది అని రాసింది. ఫైలులో కూర్చున్న అంకెకు కాళ్లుండవు. మూడేళ్ల తర్వాత రెండోసారి వైద్యానికి వెళ్లినప్పుడూ అదే అంకె పాత కాగితం మీంచి కొత్త కాగితం మీదికి దిగింది. ఇంజక్షన్ల మోతాదు ఆ అంకెను చూసే వేశారు. రెండుసార్లూ ఫలించలేదు. మొదటిసారి ఏడ్చింది. రెండోసారి ఏడవలేదు, దానికే భయం వేసింది ఇంట్లోవాళ్లకు.

రెండు ప్రయత్నాలూ పోగా ఒకే ఒక్క పిండం మిగిలింది, ఆసుపత్రి చలిపెట్టెలో. ఆమెకు ముప్పై ఎనిమిదో ఏడు నడుస్తోంది. మళ్లీ అండాలు తీయడం ఆమె ఒంటికి మంచిది కాదన్నారు. ఆ ఒక్కటే ఆశ. దాన్ని తీసుకుని ఇంకో డాక్టరమ్మ దగ్గరికి మారారు. పెద్దగా మాట్లాడని, ఓపిగ్గా వినే మనిషని విన్నారు.

ఆ డాక్టరమ్మ దగ్గర ఒక పొడుగాటి కాగితం ఉంది. "పద్దెనిమిదేళ్లప్పుడు ఎంత బరువుండేవారమ్మా?"

"యాభై ఎనిమిది దగ్గర్లోనే."

"పెళ్లప్పుడు?"

"యాభై ఎనిమిదండీ."

"అన్నిటికంటే ఎక్కువ ఎప్పుడున్నారు? ఎంత?"

"ఎప్పుడూ యాభై ఎనిమిదే."

"మధ్యలో గబగబా తగ్గడం, పెరగడం ఏమైనా?"

"లేదండీ. నేను మారనండీ."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టి, "ఒకసారి అక్కడ నిలబడండమ్మా" అంది, గోడవారనున్న తూకం చూపించి. నిలబడింది. డెబ్బై తొమ్మిది.

"మీ కాటా చెడిపోయిందండీ" అంది తూకపురాయి, ఏమాత్రం తొణక్కుండా.

నర్సు కాదంది. ఈమె అవునంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పదకొండేళ్ల అనుభవమండీ, కాటా మొహం చూస్తే చాలు దాని రోగం చెప్పగలను అంది. వరండాలో ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా ఉంటే భర్త చేత మోయించుకొచ్చింది. "లీటరు నీళ్లు కిలో. ఖాళీ డబ్బా ఏడు వందల గ్రాములు, వీటిని నేను కౌంటరు మీది చిన్న కాటాతో వందలు తూచాను. ఇప్పుడు చూడండి, మీ కాటా ముప్పై చూపిస్తుంది." డబ్బా ఎక్కింది. ఇరవై కిలోల ఏడు వందలు. ఒక్క గ్రాము అటూ ఇటూ లేదు.

గదిలో ఎవరూ నవ్వలేదు. అదే ఆమెకు కష్టమనిపించింది. నవ్వి ఉంటే పోట్లాడేది.

మర్నాడు అందరికంటే ముందు ఆఫీసుకెళ్లింది. అలాంటి నీళ్ల డబ్బానే తన పలక మీద పెట్టింది. ఎర్రంకెలు కాసేపు ఊగి నిలబడ్డాయి. పదిహేను కిలోల రెండు వందలు. డబ్బా దించి, మళ్లీ పెట్టింది. పదిహేనూ రెండు వందలు. ఆమె అరుగు అంచున కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు. సిగ్గేసింది, నిలువెల్లా సిగ్గేసింది. ప్రతి వారం తన ఒంటిమీద ఎక్కిన బరువును తానే బటన్ నొక్కి లేకుండా చేసుకుంది. లోకంలో సరుకంతా తేలికైపోయింది గానీ, తాను మాత్రం యాభై ఎనిమిదే.

సాయంత్రం డాక్టరమ్మకు ఫోన్ చేసింది. "మీ కాటా మంచిదేనండీ. చెడిపోయింది మాది."

"అయితే బరువు ఎప్పుడెప్పుడు ఎలా మారిందో గుర్తుందా అమ్మా?"

"లేదండీ. అంచనాగా చెప్పమంటారా?"

"ఉన్నది ఒక్క పిండం. దాన్ని అంచనా మీద పెట్టలేను. ఎలాగైనా ఆలోచించి చూడండి, పాత ఫోటోలైనా సరే."

ఫోన్ పెట్టేశాక ఆమెకు తట్టింది. పాత ఫోటోలెందుకు? వారం వారం కాటా ఎంత చూపిందో, ఎంతకు సరిచేసిందో, పదకొండు రిజిస్టర్లలో తన చేత్తోనే రాసి ఉంది. తన బరువు చరిత్ర మొత్తం ఆఫీసు బీరువాలో భద్రంగా ఉంది. దాన్ని బయటికి తీయాలంటే మాత్రం సూపర్‌వైజర్ ముందు నిలబడి, పదకొండేళ్లుగా ఈ ఆఫీసు కాటా తప్పని, ఆ తప్పు తనదని ఒప్పుకోవాలి. ఉద్యోగం పోవచ్చు. పోకపోయినా, షెడ్డంతా పడీపడీ నవ్వుతారు. ఆడమనిషి లావు గురించి నవ్వడానికి మనుషులకు వేరే పని అడ్డురాదు.

రెండు రోజులు నీళ్లు నమిలింది. మూడోరోజు వెళ్లి చెప్పేసింది. సూపర్‌వైజర్ మొదట కళ్లజోడు తీశాడు, తర్వాత కుర్చీలో కూలబడ్డాడు.

"అంటే... బీరువాలు, మోటార్లు, అన్నీ..."

"అన్నీ సార్."

"జనం మన దగ్గరికి ఎగబడి వచ్చింది అందుకా!"

"అందుకే సార్."

ఆయన చాలాసేపు మీసం ముట్టుకోలేదు. తర్వాత లేచి, బీరువా తాళం తీసి, రిజిస్టర్లు ఒక్కొక్కటే దుమ్ము దులిపి ఆమె చేతుల్లో పెట్టాడు. "పైవాళ్లకు నేను రాస్తాను. నీ పేరెందుకు? మనిషిని రాయిగా వాడింది నేను. మనిషన్నాక మారదూ? ఆ ముక్క నాకు తోచొద్దూ?" అన్నాడు. గుమస్తా పక్కకు తిరిగి ముక్కు చీదుకున్నాడు. ఎవరూ నవ్వలేదు, కనీసం ఆ రోజు.

ఇంట్లో బల్ల మీద పదకొండు రిజిస్టర్లు పరిచేసరికి భర్త లెక్కకు కూర్చున్నాడు. "తేడాలన్నీ ఊరికే కలిపితే చాలదు. ప్రతిసారీ పాత తప్పు మీద కొత్త తప్పు ఎక్కింది" అని, వారం తర్వాత వారం గుణించుకుంటూ వచ్చాడు. రెండు సెలవురోజులు పట్టింది. చివరికొచ్చిన అంకె డెబ్బై ఎనిమిదిన్నర. క్లినిక్ కాటాకు అర కిలో తేడా. "నీ రాత తప్పు కాదోయ్, ప్రతి వారం నిజమే రాశావు. చదువుకోలేదంతే" అన్నాడు.

అప్పుడే అత్తగారు లోపలినుంచి ఒక సూది, దారపుకండె తెచ్చి బల్లమీద పెట్టింది. తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

"నేనూ ఒకటి చెప్పాలే అమ్మాయీ. నీ బట్టలు ఉతికి ఆరేశాక, మడత పెట్టేముందు, పక్క కుట్లు విప్పి కాస్త వదులు చేసేదాన్ని. ఆఫీసు యూనిఫాం కూడా. ఇన్నేళ్లూ."

"ఎందుకత్తయ్యా? చెప్పొచ్చుగా!"

"మొదటిసారి ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు చూశాను, నీ మొహం. బట్టలు కూడా పట్టడం లేదని ఎలా చెప్పను? ఫ్యాక్టరీలో నలభై ఏళ్లు కుట్టాను, నాకు తెలియకుండా ఎవరి నడుమైనా పెరుగుతుందా? ఇంకో మాట. కుట్టు లోపల మిగిలిన గుడ్డ అయిపోయింది. ఇక విప్పడానికి ఏం లేదు. నువ్వే తెలుసుకున్నావు, బతికించావు."

తూకపురాయి నవ్వబోయి ఏడ్చింది. ఎన్నాళ్లనుంచో బిగపట్టిన ఏడుపు, రెండో వైద్యం నాటిది కూడా అందులో ఉంది. అత్తగారు పక్కన కూర్చుని వీపు నిమురుతూ ఉండిపోయింది. ఆ ఇంట్లో ఇద్దరూ ఆమెను ఎంతగా ప్రేమించారంటే, ఒక్కరూ ఆమెకు నిజం చెప్పలేదు. ఇలాంటి ప్రేమలంటే నాకు గౌరవమే గానీ, కోపం కూడా వస్తుంది.

డాక్టరమ్మ ఆ లెక్కను గళ్ల కాగితం మీద గీతగా గీసుకుంది. మొదటి నాలుగేళ్లు గీత నెమ్మదిగా పైకి పాకింది. మొదటి వైద్యం దగ్గర నిటారుగా లేచింది. రెండో వైద్యం తర్వాత ఒక్కసారిగా కిందికి పడింది.

"ఇక్కడ రెండు నెలల్లో పదకొండు కిలోలు తగ్గారు. గబగబా తగ్గారా అంటే లేదన్నారే?"

ఆమె ఆ పేజీలు చూసింది. యాభై ఏడూ రెండు వందలు. యాభై ఆరూ ఏడు వందలు. వారం వారం తక్కువ చూపిస్తే, తక్కువని రాసి, బటన్ నొక్కింది. ఆ రోజుల్లో ఏం తిన్నదో గుర్తులేదు. అత్తగారు పళ్లెం పెట్టడం, తీసేయడం గుర్తుంది. తాను అరిగిపోతుంటే కాటా చెప్పింది, వినలేదు.

"అప్పుడు నేను తినలేదండీ. తినట్లేదని కూడా నాకు తెలియలేదు" అంది.

డాక్టరమ్మ గీతను వేలితో చూపించి, "తర్వాత ఏడాదిలో పోయినదంతా తిరిగొచ్చింది, ఇంకా మూడు కిలోలు కలుపుకుని. ఒళ్లు భయపడితే అలా దాచుకుంటుందమ్మా" అంది.

"అయితే రెండుసార్లూ పోవడానికి కారణం నేనేనా? నా బరువేనా?" ఎన్ని రోజులుగానో గొంతులో ఉన్న ప్రశ్న అది.

"తెలియదు" అంది డాక్టరమ్మ. "బరువు ఉంటే కాస్త కష్టం కావచ్చు. మోతాదు సరిపోలేదేమో కావచ్చు. రెండూ కాకుండా కూడా పోవచ్చు. సన్నగా ఉన్నవాళ్లకూ పోతుంది, లావుగా ఉన్నవాళ్లకూ నిలుస్తుంది. బరువు తగ్గితే బిడ్డ పుడుతుందని నేను మాటివ్వలేను. ఈసారి మీ ఒంటి గురించి మనకు నిజం తెలుసు. చెయ్యగలిగింది చేద్దాం. ఒక్కటే షరతు, కడుపు మాడ్చుకోవద్దు."

ఆ "తెలియదు" అన్న మాటే ఆమెకు పెద్ద ఊరట అయింది. రక్తపరీక్షలు చేశారు. థైరాయిడ్ మందగించిందని తేలితే చిన్న మాత్ర ఇచ్చారు. ఆర్నెల్లు ఆగారు. సాయంత్రాలు భార్యాభర్తలు బస్సెక్కకుండా నడిచి ఇంటికొచ్చేవారు. పిండాన్ని గర్భంలో ఉంచే రోజున నర్సు ఫైలు తెరిచి, "బరువు?" అంది. ఆమె ముందు తూకమెక్కింది, తర్వాత గట్టిగా చెప్పింది.

"డెబ్బై అయిదు. రాయండి."

నాలుగే కిలోలు తగ్గింది. అయినా నిలిచింది. ఎందుకు నిలిచిందంటే అదీ తెలియదనే అంది డాక్టరమ్మ, ఈసారి నవ్వుతూ.

ఆఫీసుకు కొత్త ఇనుప రాళ్లొచ్చాయి. రవాణా ధర తేడా ఎందుకొచ్చిందని కొందరు ఖాతాదారులు అలిగి పక్కవీధికి పోయారు. ప్రతి సోమవారం ఆమె ముందు రాళ్లతో కాటాను పరీక్షించి, తర్వాత చెప్పులు విడిచి తాను ఎక్కేది. అయిదో నెలలో ఒక సోమవారం అంకె పోయినవారం కంటే ఆరు వందలు ఎక్కువ చూపింది. పాత అలవాటు, చెయ్యి తనంతట తానే వెనక బటన్ దగ్గరికి పోయింది. దాన్ని వెనక్కి లాక్కుని పొట్ట మీద పెట్టుకుంది.

కాన్పు పగటిపూట, ఇబ్బంది లేకుండా అయింది. ఆడపిల్ల. నర్సు పిల్లను తుడిచి, గుడ్డ పరిచిన చిన్న కాటా మీద పడుకోబెట్టబోయింది.

"ఆగండి. ఆ కాటా సరైనదేనా?" అంది మంచంమీంచి తూకపురాయి.

నర్సు విసుక్కునేలోపు భర్త చేతిసంచీలోంచి ఒక ఇనుప రాయి తీశాడు. కచ్చితమైన ఒక కిలో. ఆఫీసులో అడిగి తెచ్చానన్నాడు, తలుపు దగ్గరున్న అత్తగారు "వీడొకడు సరిపోయాడు" అంటున్నా వినకుండా. నర్సు నోరు వెళ్లబెట్టి చూసి, రాయి తీసుకుని కాటా మీద పెట్టింది. ఒక కిలో. సున్నా సున్నా సున్నా.

రాయి తీసేసి పిల్లను పెట్టింది. పిల్ల కాళ్లు కొట్టుకుంటుంటే అంకెలు అటూ ఇటూ ఊగాయి. గదిలో అందరూ కాటా వైపే చూశారు. ఒక్క క్షణం పిల్ల కదలకుండా ఉంది, అంకె నిలిచింది.

నర్సు కలం పట్టుకుని, ఎందుకో తెలియకుండానే, తల్లి వైపు చూసింది.

తల్లి గొంతు సరిచేసుకుంది. "రెండు కిలోల తొమ్మిది వందలు" అని, ఆఫీసు షెడ్డులో అన్నట్టే గట్టిగా అంది.

"రాయండి."